నవ్వు మిగిలిన పేజీ

పోయిన వారం పెన్సిలమ్మను వంటింట్లో వదిలేసి వచ్చాం. పొయ్యి మీద బంగాళాదుంపలు వేగుతున్నాయి, వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది, ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే అటు నడిచింది. అక్కడ ఆపాం. ఈ వారం రోజులూ దుంపలు మాడిపోయి ఉంటాయని బెంగపెట్టుకున్న వాళ్లకు ఒక మాట: మాడలేదు. ఆవిడ స్టవ్వు తగ్గించే వెళ్లింది. మంత్రులూ సభ్యులూ మాట్లాడే ప్రతి ముక్కనూ ముప్ఫై ఏళ్లుగా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కిస్తున్న మనిషి అంత తేలిగ్గా ఏదీ మరిచిపోదు. అసలు ఈ కథంతా ఆ గుణం తెచ్చిపెట్టిన తంటాయే.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు మిగతాది నాలుగు ముక్కల్లో చెబుతాను. గురువారం శాసనసభలో ఒక కొత్త సభ్యురాలు తన ఊరికి నీళ్లు రావడం లేదని గట్టిగా అడిగింది. నీటి మంత్రి లేచి, "ఆ ముఖానికి కోపం నప్పడం లేదమ్మా, కాస్త నవ్వుతూ అడగండి, నీళ్లు ఇస్తాను" అన్నాడు. ఊరూవాడా భగ్గుమంది. మంత్రి దిగిపోయేదాకా ఊరుకోం అంటూ ప్రతిపక్షం రోడ్డెక్కింది. ఈ సందట్లో ఒక పేపరు విలేకరి పాత సభా రికార్డులు తిరగేస్తూ పదకొండేళ్ల కిందటి ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో అప్పటి రోడ్ల మంత్రి, అంటే ఇప్పటి ప్రతిపక్ష నాయకుడు, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు వేశారో చెబుతున్నాడు. ఆ వాక్యం పక్కనే బ్రాకెట్లో "సభలో నవ్వులు" అని ఉంది. కంకర, తారు, కిలోమీటర్లు. నవ్వడానికి అక్కడ ఏమీ లేదు. ఏదో మాటను రికార్డు నుంచి తొలగించి, దాని వెనక వచ్చిన నవ్వును తొలగించడం మరిచిపోయారని విలేకరి పసిగట్టాడు. శనివారం పేపర్లో ఆ పేజీ ఫొటో వేసి, "ఎందుకు నవ్వారు?" అని అడిగాడు. ఆ రోజు ఆ పేజీలోని మాటలు రాసుకున్నది పెన్సిలమ్మే.

తలుపు తీసేసరికి ఎదురుగా కూతురు నిలబడి ఉంది.

చిన్ని చివరిసారి ఇంటికి వచ్చి నాలుగు నెలలయింది. ఇరవై అయిదేళ్ల పిల్ల, ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో నాయకుడి ప్రసంగాలు రాస్తుంది. ఉండేది ఇదే ఊళ్లో, బస్సులో ముప్పావు గంట దూరం. ఆ ముప్పావు గంట మాత్రం ఆ పిల్లకు ఎప్పుడూ చిక్కదు. ఆదివారం పొద్దున్నే "అమ్మా, మధ్యాహ్నం వస్తున్నా" అని ఫోను చేసింది మొదలు పెన్సిలమ్మ కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన టేబులే మళ్లీ మళ్లీ తుడిచింది. అలమర అడుగు నుంచి రెండో కంచం తీసింది. ఎన్నాళ్లుగానో వాడక దాని అంచు చుట్టూ దుమ్ము పట్టి ఉంది. రెండుసార్లు కడిగింది.

ఆ ఇంట్లో ఇంకో గొంతు వినిపించి చాలా కాలమైంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రేడియో పెట్టుకుంటుంది. వార్తలు చదువుతున్న గొంతు వెంట ఆవిడ చూపుడు వేలు తొడ మీద తనంతట తానే షార్ట్‌హ్యాండ్ గీతలు గీస్తూ ఉంటుంది. పక్క వాటాలో మొగుడూ పెళ్లాం కీచులాడుకుంటే అదీ ఆ వేలు రాసేసుకుంటుంది. తనతో ఎవరూ ఏమీ అనని ఇంట్లో, రాసుకోవడానికి ఎవరో ఒకరి మాటలు కావాలి కదా.

"సన్నబడ్డావేమే," అంది తల్లి.

"నువ్వే సన్నబడ్డావు. దుంపలా? వీధి చివరికి వస్తోంది వాసన."

"చేతులు కడుక్కుని రా, వడ్డిస్తాను."

"కాసేపాగి తింటానమ్మా. ముందు చిన్న పనుంది." చిన్ని భుజానికి ఉన్న సంచి దింపకుండానే కుర్చీ అంచున కూర్చుంది. సంచిలోంచి ఒక కాగితం తీసి టేబులు మీద, రెండు కంచాల మధ్య పెట్టింది. అదే పేజీ జిరాక్సు.

పెన్సిలమ్మ కాగితం వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. కూతురు దేనికి వచ్చిందో తెలిసిపోయింది. పొద్దుటి నుంచి ఒంట్లో ఉన్న హుషారంతా జారిపోయి, ఆవిడ మెల్లగా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఇది నీ వంతులో వచ్చిందేనా?" అడిగింది చిన్ని.

"నాదే."

"మా ఆఫీసులో నిన్నటి నుంచి అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. రేపు సభలో వాళ్లు దీన్నే లేవనెత్తుతారట. ఆ రోజు మా సార్ ఎవరో ఆడమనిషిని ఏదో అన్నారట. ఎవరినన్నారో, ఏమన్నారో ఎవరికీ తెలియదు. సార్‌ని అడిగితే గుర్తులేదన్నారు."

"గుర్తులేదన్నాడా."

"పదకొండేళ్లయింది కదమ్మా. రోజుకి ఎన్ని మాట్లాడతారు ఆయన."

అది నిజమే అయి ఉంటుంది, అనుకుంది పెన్సిలమ్మ. జోకు వేసినవాడికీ నవ్విన వాళ్లకీ అది ఆ పూటతో సరి. ఎవరి మీద వేశారో వాళ్లు మాత్రం దాన్ని మోసుకుంటూ బతకాలి.

"ఎవరో తెలిస్తే మీరేం చేస్తారు?"

"ముందే వెళ్లి కలుస్తాం. నచ్చజెబుతాం. మన పార్టీ ఆవిడే అయితే ఏ గొడవా లేదు, సార్ నాకు అన్నయ్య లాంటివారని ఒక మాట అనిపిస్తే సరిపోతుంది."

"వాళ్ల పార్టీ ఆవిడైతే?"

"అప్పుడు ఆవిడ అంతకుముందు ఏమని రెచ్చగొట్టిందో చూడాలి. వాళ్లేమీ తక్కువ తినలేదుగా."

"ఏ పార్టీ మనిషీ కాకపోతే?"

చిన్నికి నవ్వొచ్చింది. "ఏ పార్టీ కాని మనిషి సభలో ఎవరుంటారమ్మా?"

పెన్సిలమ్మ కంచం అంచును వేలితో రాస్తూ ఉండిపోయింది. సభ మధ్యలో, అధ్యక్షుడి కుర్చీకి కింద, ఒక చిన్న బల్ల ఉంటుంది. పది నిమిషాలకు ఒకరు చొప్పున సభ తరఫున రాసుకునే రిపోర్టర్లు అక్కడికి వచ్చి, ముందున్నవాళ్ల భుజం తట్టి లేపి, ఆ వాక్యం మధ్యలోంచే రాసుకోవడం మొదలుపెడతారు. రెండు పక్షాల వాళ్లూ ఒకళ్లనొకళ్లు తిట్టుకునేటప్పుడు ఆ తిట్లన్నీ ఆ బల్ల మీదుగానే పోవాలి. అక్కడ ఒక మనిషి కూర్చుని ఉంటుందని ఎవరికీ తట్టదు. సొంత కూతురికీ తట్టలేదు.

"ఇందులో 'సభలో నవ్వులు' అని ఉంది చూడు," అంది కాసేపటికి. "ఒక వైపు వాళ్లే నవ్వితే మేం అలా రాయం. 'అధికార పక్షం నుంచి నవ్వులు' అని రాస్తాం, లేకపోతే 'ప్రతిపక్షం నుంచి' అని రాస్తాం. ఇరువైపులా నవ్వితేనే 'సభలో' అంటాం."

"అంటే వాళ్లూ నవ్వారా?"

"అందరూ నవ్వారు."

చిన్ని ముఖం విప్పారింది. గబగబా ఫోను తీసి ఏదో రాసుకోబోయి, తల్లి ముఖం చూసి ఆగింది. "సారీ అమ్మా. ఇది మాకు చాలా ఉపయోగపడుతుంది, అందుకని."

"రాసుకో."

"నువ్వు నన్ను తప్పుగా అనుకోకు. నేను మా సార్‌ని వెనకేసుకు రావడం లేదు. ఆ పాత మాట ఇప్పుడు బయటికొచ్చిందంటే, మీరన్నారంటే మీరన్నారని రెండు రోజులు అరుచుకుంటారు. ఆ కొత్త సభ్యురాలి సంగతి ఎవరికీ పట్టదు. నీటి మంత్రి హాయిగా ఇంటికెళ్లి పడుకుంటాడు. నీకు అది సమ్మతమేనా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పెన్సిలమ్మ అది ఒప్పుకుంటూ తల ఊపింది. "ఆ అమ్మాయిని మీరెవరైనా కలిశారా?"

"కలవకపోవడమేంటి, ఊరేగింపులో ముందు వరసలో నిలబెట్టాం."

"ఏమంది?"

"స్టేట్‌మెంట్ మేమే రాసిచ్చాం."

"శుక్రవారం నాకు వరండాలో కనిపించింది. బయట ఆ అమ్మాయి పేరే మారుమోగుతోంది, తనేమో సీసాలో నీళ్లు పట్టుకుంటూ ఒక్కతే నిలబడి ఉంది. నన్ను చూసి, 'నిన్న నా మాటలు మీరేనా అండీ రాసుకున్నది, మా ఊరి నీళ్ల గురించి అడిగింది కూడా ఎక్కిందా' అంది. ఎక్కిందమ్మా అన్నాను. 'ఎవరూ అడగట్లేదండీ దాని గురించి' అని వెళ్లిపోయింది."

చిన్ని తలదించుకుని సంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. తర్వాత, మాట మార్చడానికో ఏమో, సంచిలోంచి ఇంకో రెండు కాగితాలు తీసింది. "రేపు సభ మొదలవగానే మా సార్ మాట్లాడుతున్నారు. నేనే రాశాను. వింటావా?" తల్లి ఊ అనకముందే చదవడం మొదలుపెట్టింది. "'అధ్యక్షా, నలుగురిలో ఒక స్త్రీని నవ్వులపాలు చేసినప్పుడు తల దించుకోవాల్సింది ఆమె కాదు. ఆ నవ్వు విని ఊరుకున్న ప్రతి ఒక్కరూ తల దించుకోవాలి.'"

చదువుతుంటే ఆ పిల్ల గొంతు వణికింది. అది దొంగ వణుకు కాదు. ఆ వాక్యం మనసులోంచి వచ్చింది.

"బాగుంది," అంది పెన్సిలమ్మ. "చాలా బాగా రాశావు. రేపు మొదటి పది నిమిషాలు నా వంతే."

"అయితే నా మాటలు నువ్వే రాసుకుంటావన్నమాట," అని చిన్ని ముచ్చటపడింది. వచ్చినప్పటి నుంచి తల్లిని తిన్నగా చూసింది అప్పుడే.

ఆ చూపుకే పెన్సిలమ్మ కరిగిపోయింది. లేచి పడగ్గదిలోకి వెళ్లి, అలమరలో దిండు గలేబుల కింద నుంచి ఒక నోట్‌బుక్ తీసుకొచ్చింది. రూలు ప్రకారం రాసుకున్న నోట్‌బుక్కులన్నీ ఆఫీసుకు అప్పజెప్పాలి, మూడేళ్ల తర్వాత వాళ్లు చించేస్తారు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ ఇంటికి తెచ్చుకున్నది ఈ ఒక్కటే. తొలగించిన మాటను బయటపెడితే సభను ధిక్కరించినట్టు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషిని ఈలోపే ఇంటికి పంపిస్తారు. అదీ ఆవిడకు తెలుసు. పదకొండేళ్లుగా ఎవరో ఒకరికి చదివి వినిపించాలని ఉంది, అంతే. వినేవాళ్లు వచ్చారు, అదీ కన్న కూతురు.

"నా గీతలు నీకు అర్థం కావు. నేనే చదువుతాను. మధ్యలో మాట్లాడకు."

ఆఫీసులో చదివినట్టే చదివింది. ఆ చదువుకు కోపతాపాలు ఉండవు, ఎవరి మాటైనా ఒకే గొంతు.

"'ఈ ఏడాది నూట నలభై కిలోమీటర్ల రోడ్డు పూర్తిచేశామని మనవి చేస్తున్నాను అధ్యక్షా. ఈ రాసుకునే ఆవిణ్ణి చూడండి అధ్యక్షా, నేను ఎంత జోరుగా మాట్లాడితే అంత జోరుగా నా వెంటపడుతోంది. పాపం, మొగుడు పోయి మూడు నెలలు కాలేదు, ఇంట్లో మగాడి మాట వినక మొహం వాచిపోయి ఉంది. ఆవిడ కోసమైనా ఇంకో గంట మాట్లాడమంటారా.' బ్రాకెట్లో, సభలో నవ్వులు. 'ఇక వంతెనల విషయానికి వస్తే అధ్యక్షా...'"

ఆవిడ ఆగింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బల్లలు చరిచారు," అంది పెన్సిలమ్మ, అదే గొంతుతో. "అటు వాళ్లూ చరిచారు, ఇటు వాళ్లూ చరిచారు. అంతకుముందు అరగంట నుంచి ఒకళ్లనొకళ్లు దొంగలని తిట్టుకుంటున్నవాళ్లే. నేను తలెత్తలేదు. తలెత్తితే తర్వాతి మాట తప్పిపోతుంది. నన్ను అన్న మాటను నేనే ఒక్క గీత పోకుండా రాసుకున్నాను. 'మొగుడు' అన్న దగ్గర పెన్సిల్ ముల్లు విరిగింది. ఇంకో పెన్సిల్ తీసుకుని రాశాను. ఇదిగో, ఇక్కణ్ణుంచి గీత సన్నగా ఉంది చూడు."

చిన్ని చూసింది. ముట్టుకోలేదు.

"సాయంత్రం పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. అప్పట్లో మా రిపోర్టర్లందరికీ ఆయనే పెద్ద. 'తీయించేద్దామమ్మా, నీకే మంచిది, నలుగురి నోళ్లలో నానకుండా ఉంటుంది' అన్నాడు. సరేనన్నాను. ఫలానా మాట నుంచి ఫలానా మాట వరకు తొలగించమని అధ్యక్షుడి దగ్గర్నుంచి ఆర్డరు వచ్చింది. సభ్యులు అన్న మాటల మీదే ఆర్డరు చెల్లుతుంది. బ్రాకెట్లో ఉండేది మా మాట. దాన్ని మేమే చూసుకుని తీసేయాలి. ఆ పేజీ ప్రూఫు నా దగ్గరికే వచ్చింది."

"నువ్వు మరిచిపోయావు."

"అందరూ అలాగే అనుకున్నారు. పెద్దసారు కూడా చీవాట్లు పెట్టాడు, ఇంత అనుభవం ఉండి ఈ పొరపాటేమిటని. నేను మరిచిపోలేదు చిన్నీ. చూసే వదిలేశాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఈ పేజీ చూసి, వీళ్లెందుకు నవ్వారు అని అడుగుతారని. పదకొండేళ్లు ఒక్కరూ అడగలేదు. నిన్న అడిగారు. ఎందుకడిగారో నాకు తెలియదా. నీటి మంత్రి నోరు జారకపోతే ఎవరికి కావాలి ఆ పేజీ."

చిన్ని కళ్లు టేబులు మీదే ఉన్నాయి. "ఆ రోజు నువ్వు వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నన్ను పాఠం గట్టిగా చదవమన్నావు," అంది మెల్లగా. "పక్క వాటా వాళ్లకు వినపడేంత గట్టిగా. నేను విసుక్కున్నాను. మూడుసార్లు చదివించావు."

"ఆ నవ్వు చెవుల్లోంచి పోవాలని."

ఇప్పుడు ఆ పిల్ల ఏమంటుందోనని పెన్సిలమ్మ ఎదురుచూస్తోంది. ఆవిడకు క్షమాపణ అక్కర్లేదు, ఊరేగింపు అక్కర్లేదు. అన్నది ఎవరు, ఏ పార్టీ, దీనివల్ల ఎవరికి లాభం అని చూసుకోకుండా ఒక్క మనిషి, ముందుగా, తన కోసం కోపం తెచ్చుకుంటే చాలు. ఆ ఒక్క మనిషి ఈ పిల్ల కాకపోతే ఇంకెవరూ లేరు.

చిన్ని తలెత్తింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?" అంది.

మొగుడు పోయిన రోజు కూడా పెన్సిలమ్మకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆ రోజు పధ్నాలుగేళ్ల పిల్ల ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల చెయ్యి ఇప్పుడు టేబులు మీద జానెడు దూరంలో, ఫోను పక్కన ఉంది.

"పెద్దసారుకు తెలుసు," అంది చివరికి. "నిన్న ఫోను చేశాడు. విలేకరి ఇంటికొచ్చాడట, ఇంకెవరెవరో కూడా వచ్చారట. ఏమీ చెప్పలేదమ్మా, నీ పేరు ఒక్కటే చెప్పాల్సి వచ్చింది అన్నాడు."

"అయ్యో, నీ పేరు చెప్పేశాడా. అయితే వాళ్లు..." చిన్ని ఆగి, తను అన్నది తనే విన్నట్టుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, నేను ఆ ఉద్దేశంతో అడగలేదు."

"ఏ ఉద్దేశంతో అడిగినా అడిగిన మాట అదే కదా. మీ అందరి వరసా అదేనమ్మా. వాళ్లదీ అదే. ఎవరన్నారో కనుక్కున్నాకే కోపం రావాలో వద్దో చూసుకుంటారు. ఆ రోజు నవ్వేటప్పుడు మాత్రం ఎవరూ పార్టీ చూసుకోలేదు."

చిన్ని తను రాసిన ప్రసంగం కాగితాలను చూసింది, ముడుచుకుపోయిన చివరను వేలితో సాపుచేసింది. ఏడుస్తుందేమో అనిపించింది. ఏడవలేదు. ముఖం తుడుచుకుని, చిన్నప్పటి గొంతుతో, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

చూడండి, మనిషి మనసు ఎంత పిచ్చిదో. అంతసేపు బండరాయిలా ఉన్న పెన్సిలమ్మ ఆ ఒక్క మాటకు చటుక్కున లేచింది. "ఉండు, దుంపలు చల్లారిపోయాయి, మళ్లీ కాస్త వేడిచేస్తాను" అంటూ వంటింట్లోకి వెళ్లింది. స్టవ్వు వెలిగించింది. దుంపలు ఎర్రగా వేగితేనే ఆ పిల్లకు ఇష్టం, అందుకని ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే ఉంచింది. అనాల్సిన మాట అనలేకపోయినా ఆకలేస్తోందని అంది, అది చాలుననుకుంది. తింటూ తింటూ మాట్లాడుకోవచ్చు. పిల్లకు కాస్త టైమివ్వాలి. తనకే పదకొండేళ్లు పట్టింది.

గరిటె చప్పుడులో వీధి తలుపు గొళ్లెం చప్పుడు వినపడీ వినపడనట్టు వినిపించింది.

ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. సంచి లేదు. ప్రసంగం కాగితాలు లేవు. జిరాక్సు పేజీ ఒక్కటి రెండు కంచాల మధ్య అలాగే ఉంది. నోట్‌బుక్ లేదు.

టేబులు కింద వంగి చూసింది. పడగ్గదిలోకి వెళ్లి దిండు గలేబులు ఒక్కొక్కటే దులిపింది, తనే బయటికి తెచ్చిందని తెలిసి కూడా. ఫోను చేసింది. స్విచ్చాఫ్. కిటికీలోంచి చూస్తే వీధి చివర బస్సు మలుపు తిరుగుతోంది.

తీసుకెళ్లింది ఎవరు, అని ఆలోచించింది పెన్సిలమ్మ. తల్లికి జరిగింది విని తట్టుకోలేక తీసుకెళ్లిన కూతురా, నాయకుడికి ముప్పు రాకుండా తీసుకెళ్లిన ఉద్యోగస్తురాలా. ఆ పిల్లను తొమ్మిది నెలలు మోసి, పాతికేళ్లు పెంచిన మనిషికి ఆ సంగతి తెలియలేదు. ఏడుపు వచ్చింది. గిన్నె కింద పెట్టడం కూడా మరిచిపోయి, అది చేతిలో ఉండగానే నిలబడి ఏడ్చింది.

బెల్లు మోగింది.

వెనక్కి వచ్చిందని ఒక్క అంగలో వెళ్లి తలుపు తీసింది. చిన్ని కాదు. అధికార పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు, సభలో అందరూ మేడమ్ అని పిలిచే పెద్దావిడ, రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. వెనక మెట్ల మీద ఇద్దరు కెమెరామన్లు.

"పెద్దసారు చెప్పగానే కడుపు తరుక్కుపోయిందమ్మా," అంటూ మేడమ్ ఆవిణ్ణి పొదువుకుంది. గిన్నె ఇద్దరి మధ్యా నలిగింది. "ఇన్నాళ్లూ ఒక్కదానివే ఎలా దిగమింగుకున్నావు. ఇక నీకు మేమున్నాం. రేపు ఆ పెద్దమనిషి లేచి ఆడవాళ్ల మర్యాద గురించి మాట్లాడబోతున్నాడట, నోరు తెరవగానే నీ మాట ఎత్తి కూర్చోబెడతాం. నువ్వు రాసుకున్న నోట్‌బుక్ ఉండే ఉంటుంది. ఒక్కసారి తెచ్చి ఇలా చూపించమ్మా."

కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

కూతురు పట్టుకుపోయిందంటే ఈ పూటే చిన్ని బతుకు బజారున పడుతుంది. అసలు నోట్‌బుక్కే లేదంటే, ఆ రోజు పెద్దసారు గదిలో సరేనన్నట్టే, తనను తాను ఇంకోసారి తొలగించుకున్నట్టు. ముప్ఫై ఏళ్లుగా ఇతరులు మాట్లాడితే రాసుకున్న మనిషి ఇప్పుడు మాట్లాడాలి, ఎదుటివాళ్లు ఎక్కించుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

పెన్సిలమ్మ మేడమ్ చేతుల వైపు చూసింది. కుడిచేతి వేలికి పచ్చరాయి ఉంగరం. పదకొండేళ్ల కిందట మేడమ్ వాళ్లది ప్రతిపక్షం. ఎడమవైపు రెండో వరస, నాలుగో సీటు. ఆ రోజు పెన్సిలమ్మ తలెత్తలేదు, నిజమే. కానీ రాసే బల్ల ఎత్తుకు రెండో వరస బల్లలు సరిగ్గా కళ్ల ముందు ఉంటాయి. ఆ ఉంగరం బల్ల మీద టకటకా కొట్టుకున్న చప్పుడు మిగతా చప్పుళ్లలో విడిగా వినిపించింది.

ఆవిడ గిన్నెను పక్కనున్న స్టూలు మీద పెట్టింది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"చూపిస్తాను మేడమ్," అంది. "ముందు మీరొకటి చెప్పండి. ఆ రోజు మీరెందుకు నవ్వారు?"

మేడమ్ చేతులు జారాయి. వెనక మెట్ల మీద కెమెరా మెల్లగా పెన్సిలమ్మను వదిలి, మేడమ్ ముఖం వైపు తిరిగింది.